జేబులో చీకటిగది

యంత్రాలకు కూడ బాల్య యౌవన వార్ధక్యాలు ఉన్నవి. క్రొత్త యంత్రం వచ్చిన నాడు పాతది మూలకు చేరుతుంది. కొన్నాళ్ళకు పాతసామానుల వాని తక్కెడలోకి పోతుంది. ఏ కొద్ది యంత్రాలకో మాత్రమే రెండవ జన్మ లభిస్తుంది. అట్టి భాగ్యానికి నోచుకొన్న వాటిలో మడత కెమేరా ఒకటి. నేడు ప్రతివాని చేతిలోను టెలిఫోనుతో పాటు ఒక కెమేరా ఉన్నది. అది క్షణంలో బొమ్మ తీసి, క్షణంలో చూపి, క్షణంలో దేశాంతరాలకు పంపగలదు. అయినప్పటికీ డెబ్బది, ఎనుబది ఏండ్ల నాటి తిత్తి కెమేరాను ఎక్కడనో సంపాదించి, దుమ్ము దులిపి, ఫిల్ము ఎక్కించి, ఎనిమిదంటే ఎనిమిది బొమ్మలు తీసుకొని సంతోషించేవారు దేశదేశాలలోను కనబడుతున్నారు. వారిలో యువకులు కూడ ఉన్నారు.

దీనికి కారణమేమి? పాతవస్తువులమీది మోజు కొంత ఉన్నమాట నిజమే. కాని మోజు ఒక్కటే అయితే ఆ వస్తువును అద్దాల బీరువాలో పెట్టి చూచుకొంటే చాలును, దానితో పనిచేయనక్కరలేదు. ఈ కెమేరాను పట్టినవారు పనిచేస్తున్నారు. ఆ పనిలో వారికి లభించే తృప్తి ఏమిటో విచారించడం విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నిరుపయోగం కాదని నా విశ్వాసం.

తిత్తిలోని కిటుకు

మూసి ఉన్నప్పుడు ఈ కెమేరా ఒక చిన్న నిఘంటువంత ఉంటుంది. పైన నల్లని తోలు తొడుగు, అంచులకు లోహపు మెరుగు. ఒక మీట నొక్కితే ముందరి తలుపు క్రిందికి వాలుతుంది. దానితో పాటే కటకం, షట్టరు అమర్చిన పలక ముందుకు వచ్చి, ఉక్కు కమ్మీల ఆధారంతో టక్కున నిలుస్తుంది. కటకానికీ వెనుకటి పెట్టెకూ నడుమ నల్లని తిత్తి మడతలు విప్పుకొని సాగుతుంది. హార్మోనియం తిత్తిని చూచినవారికి దీనిని వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. కొలిమితిత్తి గాలిని పట్టి ఇస్తుంది. ఈ తిత్తి చీకటిని పట్టి ఉంచుతుంది.

ఈ తిత్తి ఎందుకు? పెద్ద నెగటివు కావలెనంటే కటకం ఫిల్ముకు దూరంగా ఉండవలె. 6 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల పొడవు గల నెగటివుకు సాధారణంగా 105 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకాన్ని వాడుతారు. అంటే దూరపు దృశ్యాన్ని పట్టేటప్పుడు కటకం ఫిల్ముకు సుమారు నాలుగంగుళాల ముందు నిలువవలె. అంత దూరాన్ని గట్టి పెట్టెతో కప్పితే ఆ కెమేరా జేబులోకి కాదు గదా, సంచిలోకి కూడ సులభంగా దూరదు. కాని ఆ పెట్టెలో ఉన్నదేమిటి? శూన్యం, చీకటి. ఆ రెంటినీ మడిచి పెట్టడానికి ఎట్టి అభ్యంతరమూ లేదు. ఈ చిన్న సత్యాన్ని గ్రహించడమే మడత కెమేరా నిర్మాణంలోని రహస్యం. లాటిన్ భాషలో 'కెమేరా' అనే పదానికి గది అని అర్థం. వెనుకటివారు ఒక గదిని చీకటి చేసి, గోడకు చిన్న రంధ్రం పెట్టి, బయటి దృశ్యం లోపలి గోడపై తలక్రిందుగా పడడాన్ని చూచి ఆనందించేవారు. ఆ చీకటిగదినే మడిచి జేబులో పెట్టుకొన్నట్లయినది.

పుట్టుపూర్వోత్తరాలు

తిత్తి మడత కెమేరాతో పుట్టినది కాదు. ముక్కాలిపీటపై నిలిపి, నల్లగుడ్డ ముసుగులో తల దూర్చి చిత్రాలు తీసిన స్టూడియో కెమేరాలకు కూడ పెద్ద పెద్ద తిత్తులు ఉండేవి. వాటిలో గాజుపలకలు వాడేవారు. అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 1888లో చుట్టఫిల్ముతో పనిచేసే కొడాక్ కెమేరాను వెలువరించి, ఛాయాగ్రహణాన్ని స్టూడియో గడప దాటించినాడు. తరువాత ఆ శతాబ్దం ముగియకముందే కొడాక్ సంస్థ జేబులో పట్టే మడత కెమేరాలను విక్రయించసాగినది. 1901లో ఆ సంస్థ 'బ్రౌనీ' అనే పెట్టె కెమేరా నమూనా ఒకదానికోసం 120 అనే అంకెతో ఒక ఫిల్మును ప్రవేశపెట్టినది. ఆశ్చర్యమేమనగా, ఆ ఫిల్ము నేటికీ తయారవుతున్నది. నూరేండ్ల వెనుకటి కెమేరాలో ఈనాటి ఫిల్ము చక్కగా ఇముడుతుంది. ఇంతకాలం మారకుండ నిలిచిన కొలత యంత్రలోకంలో అరుదు. మడత కెమేరా పునర్జన్మకు ఇదే మూలాధారం. కొడాక్ వారే 1930 తరువాత 620 అనే మరియొక చుట్టను తెచ్చినారు. ఆ ఫిల్ము తయారీ 1995లో ఆగిపోయినది. దానికోసం చేసిన కెమేరాలను నేడు వాడవలెనంటే 120 ఫిల్మును సన్నని కదురుకు మార్చి చుట్టుకోవలసి వస్తున్నది.

మడత కెమేరాను పరిపూర్ణతకు తెచ్చినవారు జర్మనులు. డ్రెస్డెన్ నగరం కేంద్రంగా 1926లో నాలుగు సంస్థలు కలసి జైస్ ఐకాన్ సంస్థగా ఏర్పడినవి. ఆ సంస్థ 1929లో 'ఐకాంటా'ను, 1934లో దూరమాపకం జతచేసిన 'సూపర్ ఐకాంటా'ను వెలువరించినది. ఈ రెండవదానిలో చిన్న కిటికీగుండా చూస్తే ఎదుటి వస్తువు రెండు బొమ్మలుగా కనబడుతుంది. కటకపు చక్రాన్ని త్రిప్పుతూ ఆ రెండు బొమ్మలనూ ఒకదానిపై ఒకటి కలిపితే దూరం సరిగా కుదిరినట్లు. 1756లో వియన్నాలో వెలసిన ఫోయిగ్ట్‌లెండర్ సంస్థ 'బెస్సా'ను, ఆగ్ఫా సంస్థ 'ఐసొలెట్'ను చేసినవి. రెండవ ప్రపంచయుద్ధానంతరం సోవియట్ దేశంలోని క్రాస్నొగోర్‌స్క్ కర్మాగారం సూపర్ ఐకాంటా అచ్చులోనే 'మాస్క్వా' కెమేరాలను తయారుచేసినది. పోటీ మాత్రం ముందే పుట్టి ఉన్నది. 1925లో లైట్జ్ సంస్థ వెలువరించిన 'లైకా', సినిమా ఫిల్ముపై 36 బొమ్మలు తీయగలిగినది. జనం క్రమంగా ఆ వైపునకు మొగ్గినారు. 1960 ప్రాంతానికి ప్రసిద్ధ సంస్థలలో పెక్కు మడత కెమేరాలకు స్వస్తి చెప్పినవి. మరల 2009లో జపానులోని ఫ్యూజీ సంస్థ ఒక క్రొత్త మడత కెమేరాను విపణిలోకి తెచ్చినది గాని, కొద్ది సంవత్సరాలకే దానినీ నిలిపివేసినది. కాబట్టి ఈ కెమేరాను కోరినవారు పాతదానినే ఆశ్రయించవలె.

వైశాల్యంలోని వైభవం

గణితం బోధించే ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. లైకా వంటి కెమేరాలలోని నెగటివు కొలత 24, 36 మిల్లీమీటర్లు. వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. 6–9 నెగటివులో నిజంగా బొమ్మ పడే భాగం సుమారు 56, 84 మిల్లీమీటర్లు. వైశాల్యం 4,704 చదరపు మిల్లీమీటర్లు. అంటే 5 రెట్లకు పైచిలుకు. చతురస్రంగా ఉండే 6–6 నెగటివు సైతం చిన్నదానికి మూడున్నర రెట్లు ఉన్నది. ఒకే గోడకు తగిలించే బొమ్మను ఈ రెంటినుండీ పెంచినప్పుడు, పెద్ద నెగటివును తక్కువగా సాగదీస్తే సరిపోతుంది. ఫిల్ములోని వెండిరేణువులు కంటికి అడ్డురావు. మర్రిచెట్టు బోదెపై ముడతలు, వృద్ధుని ముఖంలోని గీతలు, తెల్లని పంచె మడతలలోని నీడలు, ఒకదానినుండి మరియొకదానికి మెల్లగా జారుతవి. తెలుపు నలుపుల నడుమ ఎన్నో మెట్లు కనబడుతవి. ఈ సంపద అంతా కోటు జేబులో పట్టే వస్తువునుండి రావడమే మడత కెమేరాపై మమకారానికి మొదటి కారణం.

కటకం కూడ అందుకు తగినదే. 1902లో జైస్ సంస్థలో పౌల్ రుడాల్ఫ్ కల్పించిన 'టెస్సార్' కటకంలో నాలుగే గాజుబిళ్ళలు. ఖరీదైన మడత కెమేరాలలో పెక్కింటికి ఇదియో, దీని మార్గంలో చేసినదియో ఉంటుంది. చౌక రకాలలో మూడు బిళ్ళలే. గాజుపై ప్రతిఫలనాన్ని తగ్గించే పలుచని పూతను 1935లో జైస్ సంస్థలోనే అలెగ్జాండర్ స్మకులా రూపొందించినాడు. అంతకు ముందటి కటకాలకు ఆ పూత లేదు. ఎండకు ఎదురుగా పట్టితే బొమ్మపై తెల్లని పొగమంచు క్రమ్మినట్లవుతుంది. అరచేతిని కటకానికి గొడుగువలె అడ్డుపెట్టి తీయడం అనుభవజ్ఞుల అలవాటు.

కన్ను, లెక్క, చేయి

ఇక బొమ్మ తీసే విధానం. ఈ కెమేరాకు వెలుతురు కొలిచే శక్తి సాధారణంగా లేదు. దూరమాపకం లేని నమూనాలలో దూరం కూడ తీసేవాడే చెప్పవలె. కనుక మొదట ఆకాశాన్ని చూడవలె. ఫిల్ము వేగం 100 అయితే, నడి ఎండలో కటకద్వారాన్ని ఎఫ్/16 వద్ద ఉంచి, సెకనులో నూరవవంతు కాలం తెరచినచో సరిపోతుందని ఛాయాగ్రాహకులందరూ ఎరిగిన సూత్రం. పలుచని మేఘం క్రమ్మితే ఎఫ్/11, బాగా మబ్బుపట్టితే ఎఫ్/8, చెట్టునీడలో ఎఫ్/4. కటకపు నాభ్యంతరాన్ని ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యయే ఈ ఎఫ్ సంఖ్య. ఎఫ్/16నుండి ఎఫ్/8కి వస్తే వ్యాసం రెండింతలవుతుంది; వైశాల్యం, దానితో వెలుగు, నాలుగింతలవుతవి. వృత్తవైశాల్యపు సూత్రం నల్లబల్లమీదనుండి దిగివచ్చి చేతివ్రేళ్ళ మధ్య తిరుగుతుంది.

తరువాత దూరం. ఎదుటి మనిషి ఎన్ని అడుగులలో ఉన్నాడు? పది అడుగులా, పదునైదా? మొదట్లో అడుగులు వేసి కొలువవలసి ఉంటుంది. కొన్నాళ్ళకు కన్నే కొలబద్ద అవుతుంది. ద్వారాన్ని చిన్నది చేసినకొద్దీ స్పష్టంగా పడే దూరాల పరిధి పెరుగుతుంది. 75 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్/11 వద్ద ఉంచి దూరాన్ని 10 మీటర్లకు త్రిప్పితే, సుమారు 5 మీటర్లనుండి దిగంతం వరకు అన్నీ తేటగా వస్తవి. అందుచేతనే కొన్ని నమూనాలలో ఈ రెండు స్థానాలవద్ద ఎర్రని చుక్కలు పెట్టినారు. వీథి దృశ్యాలు, ప్రయాణపు బొమ్మలు తీసేవారికి ఆ చుక్కలే శ్రీరామరక్ష.

ఫిల్మును చుట్టడం కూడ ఒక విద్యయే. వీపున ఒక చిన్న ఎర్రని కిటికీ ఉంటుంది. ఫిల్ము వెనుకనున్న కాగితంపై అచ్చైన అంకెలు ఆ కిటికీలో ఒకటొకటిగా నడచివస్తవి. ఎరుపు రంగే ఎందుకు? ఆనాటి ఫిల్ములు పెక్కు ఎర్రని కాంతికి చలించేవి కావు. తరువాత అన్ని రంగులనూ గ్రహించే ఫిల్ములు వచ్చినవి. అప్పుడు ఆ కిటికీకి చిన్న మూత కూడ అవసరమయినది. నేటి ఫిల్మును వాడేవారు అంకె చూచిన వెంటనే ఆ మూత వేయవలె. తిత్తిని తటాలున తెరిస్తే లోపలి గాలి పలుచనై ఫిల్మును ముందుకు లాగుతుందని, అందుచేత మెల్లగా తెరచి, తెరచిన తరువాతనే ఫిల్ము చుట్టవలెనని అనుభవజ్ఞులు చెబుతారు. చుట్టడం మరచి షట్టరు నొక్కితే ఒక బొమ్మపై ఒకటి పడుతుంది. పాత నమూనాలలో పెక్కు ఈ పొరపాటును వారించవు. యంత్రం హెచ్చరించదు, మనిషి జ్ఞప్తి పెట్టుకోవలె.

ఇన్ని పనులూ ముగిసిన తరువాత సెకనులో నూరవవంతు మాత్రమే అసలు పని. షట్టరు చప్పుడు చీమ చిటుక్కుమన్నంత. ఒక చుట్టకు 6–9 కొలతలో 8 బొమ్మలు, 6–6 కొలతలో 12. అంతే.

ఒక ఆక్షేపణ

ఇంత శ్రమ దేనికని అడిగేవారి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. చేతిలోని టెలిఫోను చీకటిలోనైనా బొమ్మ తీస్తుంది, తప్పు పోతే తుడిచి మరల తీస్తుంది, ఖర్చు లేదు. ఫిల్ము మన దేశంలో విదేశాలనుండి వచ్చే వస్తువు; వెల అధికం. దానిని కడిగి అచ్చువేసేవారు ఏ కొద్ది నగరాలలోనో ఉన్నారు. పరుగెత్తే బాలుణ్ణి, ఎగిరే కొంగను పట్టడానికి మడత కెమేరా తగినది కాదు. పత్రికా విలేఖరి దీనిని నమ్ముకొంటే ఉద్యోగం నిలువదు. ఇవన్నీ అంగీకరించవలసినవే.

అయితే ఆక్షేపించేవారు ఒక విషయాన్ని గమనించరు. ఖర్చు లేనిచోట ఎంపిక లేదు. పెండ్లిలో వేయి బొమ్మలు తీసినవాడు ఆ వేయింటినీ మరల చూడడు. ఎనిమిదే ఉన్నప్పుడు దేనిని తీయవలె, దేనిని విడువవలె అనే విచారణ బొమ్మకు ముందే జరుగుతుంది. అవ్వ ముఖాన్ని తీయదలచినవాడు ఆమెను ఏ వేళకు, ఏ అరుగుమీద కూర్చుండబెట్టితే వెలుగు మెత్తగా పడుతుందో ముందు రోజే చూచుకొంటాడు. ఆమె కూడ తనకోసం ఒకడు ఇంత జాగ్రత్త పడుతున్నాడని గ్రహించి, కొంగు సర్దుకొని, స్థిమితంగా కూర్చుంటుంది. ఇద్దరి నడుమ ఒక మర్యాద ఏర్పడుతుంది. ఆ మర్యాద బొమ్మలోకి దిగుతుంది. తీసిన బొమ్మ వెంటనే కనబడదు కాబట్టి చూపు తిరిగి మనిషిమీదకే పోతుంది గాని యంత్రంమీదకు పోదు. మడత కెమేరా అందాన్ని ఇస్తుందని నేను చెప్పడం లేదు. అది శ్రద్ధను అడుగుతుందని చెబుతున్నాను. శ్రద్ధ అలవాటైనవాని చేతిలో టెలిఫోను కూడ మంచి బొమ్మ తీస్తుంది. ఈ పాత యంత్రం నేర్పే పాఠం ఈ యంత్రంతోనే ముగిసేది కాదు.

మంచులో మిగిలిన వెలుగు

ఫిల్ముకు మరియొక విశేషం ఉన్నది. షట్టరు తెరుచుకొన్న క్షణంలో ఫిల్ముమీద పడిన వెలుగు కంటికి కనబడని గుర్తుగా నిలిచిపోతుంది. రసాయనంలో కడిగే వరకు అది అట్లే వేచి ఉంటుంది. 1897లో స్వీడను దేశీయుడు ఆంద్రే ఇద్దరు సహచరులతో బెలూనులో ఉత్తరధ్రువానికి బయలుదేరి మంచులో దిగబడిపోయినాడు. 33 సంవత్సరాల తరువాత, 1930లో, ఒక నిర్జన ద్వీపంలో వారి అవశేషాలతో పాటు వారు తీసిన ఫిల్ములు కూడ దొరికినవి. వాటిని కడుగగా పెక్కు బొమ్మలు వెలికివచ్చినవి. మంచుపై కూలిన బెలూను, దానివంక చూస్తూ నిలిచిన మనుష్యులు ఆ బొమ్మలలో ఉన్నారు. తీసినవాడు కన్నుమూసినా తీసిన వెలుగు మిగిలినది.

మడత కెమేరా చరిత్రలో ఇట్టి ఘట్టం ఒకటి ఇంకను ముగియలేదు. 1924 జూన్ 8న ఎవరెస్టు శిఖరానికి సమీపంలో మేలొరీ, ఇర్విన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు కడసారి కనబడి అదృశ్యులయినారు. వారి సహచరుడు సోమర్వెల్ వారికి తన 'వెస్ట్ పాకెట్ కొడాక్'ను ఇచ్చి పంపినాడు. అది 120కంటె చిన్న చుట్టతో పనిచేసే జేబు మడత కెమేరా. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల కెమేరాగా ప్రసిద్ధి పొందినది. 1999లో మేలొరీ దేహం దొరికినది; కెమేరా లేదు. 2024లో ఇర్విన్ పాదరక్ష, అందులో ఆయన పేరు కుట్టిన మేజోడు దొరికినవి, కెమేరా దొరకలేదు. హిల్లరీ, టెన్సింగుల 1953 విజయానికి 29 ఏండ్ల ముందే ఆ ఇద్దరూ శిఖరం చేరినారా అనే ప్రశ్నకు సమాధానం ఆ చిన్న తిత్తి వెనుక గడ్డకట్టి ఉండవచ్చునని పర్వతారోహకులు నేటికీ ఆశపడుతున్నారు. మూడు ఖండాల విద్వాంసులు నూరేండ్లు వాదించిన విషయాన్ని జేబులోని ఒక ఫిల్ముచుట్ట తేల్చగలదంటే, అది తక్కువ వస్తువా?

మన ఇండ్లలో, మన బడులలో

మన దేశంలో ఉదకమండలంలో హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ 1960లో ఏర్పడి, 1967లో ఉత్పత్తి ప్రారంభించి, 'ఇందు' అనే పేరుతో ఫిల్మును, కాగితాన్ని తయారుచేసినది. ఆ కర్మాగారం ఇప్పుడు లేదు. కాని ఆ కాలపు నెగటివులు మన ఇండ్లలో ఇంకను ఉన్నవి. రేకుపెట్టెలలో, కాగితపు సంచులలో, తాతగారి దస్తావేజుల నడుమ అవి పడి ఉంటవి. అచ్చు బొమ్మ చెదలు తిన్నా నెగటివు దొరికితే మరల అచ్చు వేసుకోవచ్చును. వాటిని పనికిరాని ముక్కలని పారవేయకుండ, తడి తగలని చోట, అంచులు మాత్రమే పట్టుకొని, ఎవరి బొమ్మయో వ్రాసి భద్రపరచడం ప్రతి కుటుంబానికీ సాధ్యమైన పని. పేరు చెప్పగల పెద్దలు ఉండగానే ఆ పని జరుగవలె.

అటకమీద మడత కెమేరా దొరికినవారు దానిని తూకానికి వేయకముందు మూడు పరీక్షలు చేయవచ్చును. వెనుక మూత తీసి, చీకటిగదిలో లోపల చేతిదీపం వెలిగించి, తిత్తి మూలలను బయటినుండి చూడవలె. చుక్కలవలె వెలుగు కనబడితే అక్కడ చిల్లులు ఉన్నట్లు. నల్లని పలుచని గుడ్డను జిగురుతో అంటించి వాటిని పూడ్చవచ్చును. షట్టరును ఒక సెకను స్థానంలో ఉంచి నొక్కి, అది తెరచుకొని మరల మూసుకొంటున్నదో లేదో వినవలె; లోపలి నూనె గట్టిపడి ఉంటే గడియారాలు బాగుచేసే నేర్పరి శుభ్రపరచగలడు. కటకాన్ని వెలుతురుకు పట్టి బూజు పట్టినదేమో చూడవలె. ఈ మూడూ సరిగా ఉంటే ఆ కెమేరాకు ఆయువున్నట్లే.

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు నాదొక మనవి. ఇట్టి కెమేరా ఒకటి దొరికితే తరగతికి తీసుకొనిపోండి. వెనుక మూత తెరచి, ఫిల్ము ఉండవలసినచోట నూనె పూసిన పలుచని కాగితాన్ని బిగించి, షట్టరును తెరచి ఉంచి, కటకాన్ని కిటికీవైపు త్రిప్పండి. బడి ఆవరణలోని వేపచెట్టు, నీళ్ళతొట్టి, గోడమీది కాకి, రంగులతో, కదలికతో, తలక్రిందుగా ఆ కాగితంపై నిలుస్తవి. ఫిల్ము కొననక్కరలేదు, ఒక్క కాసు ఖర్చు లేదు. వెలుగు ఋజుమార్గంలో పయనిస్తుందన్న వాక్యాన్ని వల్లెవేసిన బాలురు దానిని కండ్లార చూస్తారు. అటు తరువాత, వీలుంటే, తరగతి అంతటికీ కలిపి ఒకే ఒక చుట్ట ఇచ్చి, తమ ఊరిని ఎనిమిది బొమ్మలలో చూపుమనండి. ఏ ఎనిమిది అనే విషయమై వారిలో వారు వాదులాడుకొంటారు. చెరువా, బస్సు దిగేచోటా, కుమ్మరి వామా, కూలిపోబోతున్న పాత సత్రమా? ఆ వాదన ముగిసేసరికి తమ ఊరిని వారు మునుపెన్నడూ చూడనంత శ్రద్ధగా చూచి ఉంటారు.